డ్రమ్‌కెలీ పెళ్ళిరాళ్ళు

మా తమ్ముడు నినియన్‌కి తలుపు కొట్టి లోపలికి రావడమనే మర్యాద పుట్టుకతోనే లేదు. గది ఎవరిదైనా, లోపల ఎవరున్నా బూటుకాలితో ఒక్క తాపు తన్ని వచ్చేస్తాడు. చేతులు ఖాళీగా ఉంటేగా. ఓసారి చచ్చిన కుందేళ్ళు, ఓసారి కట్టెలు, ఓసారి వాన కారేచోట పెట్టడానికి బాల్చీలు. బూట్లకి బురద సరేసరి. "కాళ్ళు తుడుచుకోరా" అని నేననడం, "తుడుచుకున్నానే అక్కా" అని వాడు పచ్చి అబద్ధమాడడం యాభై ఏళ్ళుగా మా ఇంట్లో పొద్దుటి ప్రార్థనలాంటిది.

ఆ మే నెల పొద్దున కూడా అలాగే వచ్చాడు. యుద్ధం అయిపోయాక పదో వేసవి అది. ఈసారి చంకల్లో కాగితపు చుట్టలున్నాయి, ఎడిన్‌బరో నుంచి వచ్చిన ఇంటి నక్షాలు. వాటిని నా మంచం మీద పరిచేసి, "కొత్తిల్లు కొట్టేద్దామక్కా" అన్నాడు.

కొత్తిల్లంటే మా తాత కట్టించింది. తొంభై ఏళ్ళు నిండినా దాని పేరు కొత్తిల్లే, డ్రమ్‌కెలీలో వయసుల లెక్క అలా ఉంటుంది. అన్నిటికంటే ముందుది బురుజు. నిలువెత్తు మనిషి అడ్డంగా పడుకునేంత మందం గోడలు, బాణం దూరేంత కిటికీలు, మెలితిరిగిన రాతిమెట్లు. ఇరుగుపొరుగు వంశాలవాళ్ళు పశువుల్ని తోలుకుపోతుంటే భయపడి కట్టుకున్నది. ఆ భయం తీరాక దానికి ఆనించి వెడల్పు కిటికీలతో నడిమిల్లు లేచింది. తర్వాత మా తాత డండీలో గోనెసంచుల మిల్లు యజమాని కూతుర్ని చేసుకున్నాడు. ఆవిడ తెచ్చిన డబ్బుతో నడిమిల్లు ఇవతలి గోడకి ఇంకో ఇల్లంత ఇల్లు తగిలించాడు. ఉత్తుత్తి బురుజులు, రంగుటద్దాలు, బిలియర్డ్స్ గది, పనివాళ్ళు కంటపడకుండా తిరగడానికి వెనకమెట్లు, అన్నిటికీ చివర బట్టలుతికే గది.

మా వంశంలో కోడలొచ్చినప్పుడల్లా ఇల్లు పెరిగేది. పెరిగిన భాగం గుమ్మం మీద పెళ్ళిరాయి కూర్చోబెట్టేవాళ్ళు. అటు మొగుడి పేరులో అక్షరాలు, ఇటు పెళ్ళాం పుట్టింటి పేరుతో అక్షరాలు, నడుమ చిన్న గుండె బొమ్మ, కింద ఏడాది. మా నాన్నకి డబ్బు చాలక అమ్మ వచ్చినప్పుడు ఒక్క స్నానాల గది వేయించి ఊరుకున్నాడు. "నా పెళ్ళిరాయి నీళ్ళతొట్టే" అని అమ్మ ఉన్నన్నాళ్ళూ నవ్వేది. కూతుళ్ళకి మాత్రం రాళ్ళుండవు. వాళ్ళ రాయి వాళ్ళు వెళ్ళిన ఇంటి మీద ఉంటుంది. నేను ఎక్కడికీ వెళ్ళలేదు.

"కొట్టేస్తే మంచిదే" అన్నాను. నిజంగానే అన్నాను. దూలాల్లో కుళ్ళు పట్టి, ఏ గదిలో అడుగేసినా పుట్టగొడుగుల వాసన. పైకప్పు ఉన్నంతమేరా పన్ను కట్టాలాయె. పనివాళ్ళు యుద్ధంలోకని వెళ్ళి మళ్ళీ రాలేదు. ఇంత ఇంట్లో ఇద్దరం, మాటలాడుకుంటే ఖాళీ గదులే తిరిగి మాట్లాడేవి.

"మరి నా గది?" అన్నాను. నా గది కొత్తిల్లులోనే.

"చోటుకేంలే అక్కా, చూద్దాం" అని నక్షా మీద వేలు అటూ ఇటూ తిప్పి చుట్టేశాడు. నీళ్ళు నమలడం వాడికి చిన్నప్పట్నుంచీ అలవాటే. నేను పట్టించుకోలేదు. ఎందుకంటే ఆ క్షణానికే బురుజు పైగది నాదని మనసులో ఖాయం చేసుకున్నాను. తూర్పున ఒక కిటికీ, కొండవైపు ఒకటి, మంచంపక్కనే పొయ్యి. అమ్మ పోయినప్పుడు నినియన్ ఇంకా పసివాడు. వాణ్ణి ఒళ్ళో వేసుకుని ఆ శీతాకాలమంతా అక్కడే కూర్చున్నాను. ముసలితనం కూడా అక్కడే వెళ్ళదీద్దామనుకున్నాను. ఆ వేసవంతా నేను కోరింది ఆ ఒక్క గది.

*

గురువారాలు బెథియా రాట్రే వచ్చేది. పశువుల డాక్టరు చెల్లెలు, నాకంటే పదేళ్ళపైన చిన్న. సైకిలు మీద కొండెక్కి రొప్పుతూ వచ్చి, "మీ ఇంటికి రావాలంటే మేకపిల్లయి పుట్టాలి గ్రిజెల్" అనేది. ఇద్దరం కలిసి అల్లికపని పట్టుకుని, ఓట్స్ రొట్టెల్లోకి జామ్ పెట్టుకుని, పాదిరిగారి భార్య టోపీల దగ్గర్నుంచి రాణిగారి టోపీల దాకా చెప్పుకునేవాళ్ళం. వారంలో నాతో నోరారా మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. నినియన్‌తో మాటలంటే వాన, గొర్రెలు, మళ్ళీ వాన. పేకాటకి మనిషి చాలకపోతే అప్పుడప్పుడు వాణ్ణి కూడా పిలిచేవాళ్ళం. పిలిచింది నేనే.

జూన్‌లో ఓ గురువారం ఆమెను బురుజు పైకి తీసుకెళ్ళాను.

"ఇదీ గది" అన్నాను. "మంచం ఇలా వేస్తే పొద్దున్నే ఎండ ముఖం మీద పడుతుంది."

బెథియా కిటికీ దగ్గర నిలబడిపోయింది. చెంపలు ఎర్రబడ్డాయి. మెట్లెక్కిన ఆయాసమనుకున్నాను. "నువ్వే ఇలా దగ్గరుండి చూపిస్తావనుకోలేదు గ్రిజెల్" అంది. "నీ మనసు పెద్దది."

"గది చూపించడానికి మనసెంతుంటే ఏంటి? మెట్లెక్కే మోకాళ్ళుండాలి గానీ."

ఆమె నవ్వి, "కర్టెన్లు నేను కుడతాను, ఆ పని నాకొదిలెయ్" అంది. "నీలం వెయ్యనా?"

"నీలమే వెయ్యి. చలికాలం ఆకాశంలో ఎలాగూ కనబడదు" అన్నాను.

మా లోయలో ఒక పద్ధతుంది. చర్చిలో మూడు ఆదివారాలు వధూవరుల పేర్లు చదివేదాకా పెళ్ళిమాట ఎవరూ పైకెత్తరు. పెళ్ళికూతురి తల్లి కూడా "ఆ సంగతి" అంటుందే గానీ పేరు పెట్టదు. అంచేత బెథియా ఆ రోజు ఏమీ చెప్పకపోవడంలో తప్పులేదు. నాకు తెలుసనుకుంది. నేనేమో ఆమె నాకోసమే కర్టెన్లు కుడుతోందనుకుని, కిందికి దిగాక ఆ ఆనందంలో పాత గుడ్డలపెట్టె తీసి ఆమె గౌనుకి లేసు కూడా వెతికిపెట్టాను.

*

జులైలో తాపీమేస్త్రీ వాటీ మిల్న్ తన మనుషులతో దిగాడు. నోరు తెరిస్తే మూయడు. "మా తాత కట్టాడు, నేను కొడుతున్నా. మా వంశానికి ఈ ఇల్లు రెండుసార్లు అన్నం పెట్టింది మిస్ గ్రిజెల్ గారూ" అనేవాడు. పలకరాళ్ళు పైకప్పు మీంచి జారుతుంటే రోజంతా ఒకటే చప్పుడు. గోడలు దిగుతున్నకొద్దీ, ఇన్నాళ్ళూ కొత్తిల్లు చాటున ఉన్న కొండ, మా బర్చ్ చెట్ల తోపు, నడిమిల్లు కిటికీల్లోకి వచ్చి నిలబడ్డాయి. నా ఊరే నాకు కొత్తగా కనబడింది.

ఒకరోజు బయటికొచ్చి తలెత్తితే నా గదికి ముందుగోడ లేదు. పూలతీగల గోడకాగితం, పొయ్యి, అద్దం తగిలించిన మేకు, అన్నీ గాలిలో వేలాడుతున్నాయి. కింద పదిమంది మగవాళ్ళు నిలబడి టీ తాగుతున్నారు. నా లోపావడా ఎవరో దండెం మీద ఆరేసినట్టయింది. వాటీ చూశాడు, మర్నాడు పొద్దునకల్లా అన్నిటికంటే ముందు ఆ పూలకాగితం గోడే దించేయించాడు.

నేనూ నినియన్ బురుజు అడుగున ఉన్న పాత వంటింట్లో ట్రంకుపెట్టె మీద కంచాలు పెట్టుకుని తినేవాళ్ళం. ఎన్నో ఏళ్ళకి ఒకే పొయ్యి దగ్గర కూర్చున్నాం. వాడి మోకాలు నా మోకాలికి తగిలేది. ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. ఇల్లు చిన్నదయితే మనుషులు దగ్గరవుతారు కాబోలు, ఇదేదో ముప్పై ఏళ్ళ క్రితమే చేయాల్సింది అనుకున్నాను.

"అక్కా" అనేవాడు ఉన్నట్టుండి.

"ఏంట్రా?"

"ఏం లేదు. బంగాళాదుంపలు బాగున్నాయి."

"ఉడకలేదు."

"అదే, కరకరలాడుతూ బాగున్నాయి."

ఇలా ఒకసారి కాదు. నడుం నొప్పేమో, అప్పులేమో, చెప్పుకోలేకపోతున్నాడనుకున్నాను. ఇంకోరోజు నేనే వేరే మాట అడిగాను. కొత్తిల్లు ఊడిపోయిన చోట నడిమిల్లు గోడకి పెద్ద కంత పడింది. దాన్నే ఇప్పుడు ముందు గుమ్మం చేస్తున్నారు. "పైన రాయి సంగతేంటి? నాయనమ్మ రాయే తిరిగి పెట్టిస్తావా?" అన్నాను.

"వాటీకి చెప్పానులే" అని లేచి, గొర్రెలు చూసొస్తానంటూ వెళ్ళిపోయాడు. ఆ పూట గొర్రెలు కొండమీద ఉన్నాయి, వాడు వెళ్ళింది వాగువైపు.

*

సెప్టెంబరు చివర వాటీ లారీ వేసుకొచ్చాడు. నేను టీ పట్టుకుని బయటికొచ్చాను.

"టీ తర్వాత, ముందిది చూడండమ్మగారూ" అన్నాడు. "చర్చిలో ఇంకా పేర్లు చదవలేదని నాకు తెలుసు. కానీ మంచు మొదలైతే సున్నం పట్టదు. మంచు ఎవరి పెళ్ళి కోసమూ ఆగదు కదా. నా నోరు దాటదు లెండి, మీరేం భయపడకండి."

గోనెపట్టా లాగాడు. కొత్త రాయి, ఇంకా తడి ఆరని పసుపు రంగు. ఎన్. ఓ. అని ఒకవైపు, అంటే నినియన్ ఓగ్‌స్టన్. నడుమ గుండె. రెండోవైపు బి. ఆర్. మా లోయలో బి. ఆర్. ఇంకెవరు? నీలం కర్టెన్లు కళ్ళముందు కనిపించాయి.

"ఎలా ఉంది?" అన్నాడు వాటీ.

"గుండె కొంచెం వంకరపోయింది" అన్నాను. "టీలో చక్కెర ఎంత వెయ్యను?"

"నేను చక్కెర వేసుకోను కదమ్మా. ఇన్నాళ్ళుగా మీరేగా ఇస్తున్నారు."

"అవునవును" అన్నాను. కప్పు అతని చేతిలో పెట్టి, లోపలికొచ్చి, నా వంటింటి తలుపు వేసుకున్నాను. ఏడుపు రాలేదు. నా తమ్ముడి పెళ్ళి సంగతి ఎడిన్‌బరోలో నక్షా గీసినవాడికి తెలుసు, తాపీమేస్త్రీకి తెలుసు, రాయి మోసిన లారీవాడికి తెలుసు. ఇంట్లో ఉన్న నాకు రాయి చెప్పాల్సి వచ్చింది.

సాయంత్రం వాడు మామూలుగానే తలుపు తన్ని వచ్చాడు. కంచం ముందు పెట్టి, "రాయి వచ్చింది" అన్నాను.

చెంచా ఆగిపోయింది. "చూశావా?"

"చూశాను. బి. ఆర్. అని చక్కగా చెక్కాడు."

"చెబుదామనే అనుకున్నానక్కా. మే నెల నుంచీ."

"మే నెల నుంచీ నా ఎదురుగానే కూర్చుని జావ తాగావు."

"నోరు రాలేదు. బెథియా రోజూ అడుగుతుంటే, చెప్పేశాను, అక్క చాలా సంతోషించింది అనేశాను."

"నా సంతోషం కూడా నన్నడక్కుండా నువ్వే పంచిపెట్టేశావన్నమాట. మరి పైగది?"

కంచం పక్కకి నెట్టాడు. "నక్షాలో అది మా ఇద్దరికీ వేశారు" అన్నాడు. "నీకు నడిమిల్లులో వంటసామాన్ల గది పక్కది. వెచ్చగా ఉంటుంది. నిన్నెవరు పొమ్మన్నారక్కా? ఇది నీ ఇల్లే."

"నా ఇల్లయితే ఆ మాట ఎవరూ నాకు చెప్పక్కర్లేదురా" అన్నాను.

లేచి గిన్నెలు కడిగాను. అప్పుడు వచ్చింది ఏడుపు. చేతులు నీళ్ళలో ఉండడంవల్ల తుడుచుకోవడానికి కూడా వీల్లేకపోయింది. వాడు వెనకాల నిలబడి, తుడిచిన కంచాలే మళ్ళీ తుడిచాడు.

*

గురువారం బెథియా సైకిలు తోసుకుంటూ వచ్చింది, ఎక్కినట్టు లేదు. గుమ్మంలోనే, "నీకు తెలుసనుకున్నాను గ్రిజెల్" అంది.

"ఎవరైనా చెప్పుంటే తెలిసేదే. కూర్చో, టీ చల్లారిపోతుంది."

"ఆ గది నువ్వే తీసుకో. మేం కిందుంటాం. ఆయనతో చెప్పేశాను."

"కొత్త పెళ్ళికూతుర్ని సామాన్ల గదిపక్క పడుకోబెట్టి నేను పైకెక్కి కూర్చుంటానా? లోయంతా నవ్వుతుంది."

"నవ్వితే నవ్వనీ. నిన్నిక వదినా అనాలి కదా, నా మాట కాదనకు."

"గ్రిజెల్ అనే పిలువు" అన్నాను. "అలవాటైన పేరు."

ఆమె మంచిదే. అదే నాకు వచ్చిన చిక్కు. చెడ్డదైతే కడుపారా తిట్టుకుని మనసు తేలిక చేసుకునేదాన్ని. ఇంతకాలం వారానికోసారైనా నాకోసం కొండెక్కి వచ్చేది. ఇకమీద రోజూ ఈ ఇంట్లోనే ఉంటుంది, నాకోసం మాత్రం కాదు. ఆమెను సాగనంపడానికి బయటికొచ్చి, సైకిలు మలుపు తిరిగేదాకా చూశాను.

అలా నిలబడ్డప్పుడే కనబడింది. కొత్తిల్లు మొత్తం నేలమట్టమై, దూరంగా ఆ చివర బట్టలుతికే గది ఒక్కటే మిగిలి ఉంది. దాని పొగగొట్టం, పలకల కప్పు, లోపల రాగిబాన చెక్కుచెదరలేదు. వాటీ మనుషులు అప్పుడే నిచ్చెన ఆనిస్తున్నారు. రాళ్ళగుట్టలు దాటుకుంటూ వెళ్ళి నిచ్చెన పట్టుకున్నాను.

"దీన్ని వదిలెయ్ వాటీ."

"నక్షాలో లేదండీ ఇది."

"నేనూ లేను. వదిలెయ్."

ఎవరో వెళ్ళి చెప్పినట్టున్నారు, నినియన్ పరుగెత్తుకొచ్చాడు. "అది బట్టలుతికే గదక్కా" అన్నాడు.

"నాకు తెలీదూ? నీ పొత్తిగుడ్డలు ఉతికింది ఎవరనుకున్నావు?"

"ఒక్కతివే ఇక్కడేముంటావు? చూసినవాళ్ళు ఏమనుకుంటారు?"

"దూరం నుంచి చూస్తే ఏదో కొట్టకుండా మిగిలిపోయిందనుకుంటారు. దగ్గరికొచ్చి చూసినా అదే అనుకుంటారు. ఏం అబద్ధం కాదుగా" అన్నాను.

వాడు టోపీ తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. వద్దంటాడేమో, చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాడేమో అని ఎదురుచూశాను. లాక్కెళ్తే వెళ్ళిపోయేదాన్నే, సామాన్ల గదికైనా. వాడు వాటీవైపు తిరిగి, "పొయ్యి బాగుచేయించు వాటీ, పొగ కమ్ముతుంది" అని వెళ్ళిపోయాడు.

వాటీ కొత్తిల్లు రాళ్ళతోనే తెరుచుకున్న వైపు గోడ పెట్టాడు, తలుపు పెద్దింటివైపు తిప్పాడు. గుమ్మం మీదికి రాయి ఎత్తేముందు ఉలి పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "ఏం అక్షరాలు చెక్కమంటారు? డబ్బక్కర్లేదు, నా తరఫునే లెండి."

"ఒక్క పేరుతో రాయి ఎప్పుడైనా చెక్కావా?"

"సమాధులకి చెక్కాను" అని, అన్నాక నాలిక కరుచుకున్నాడు.

"అయితే నున్నగానే ఉంచు" అన్నాను.

*

నవంబరులో పెళ్ళయింది. నేనే కేకు చేశాను, గౌనుకి ఆ లేసే కుట్టాను. అందరూ నేను బాగున్నానన్నారు. మర్నాడు సామానంతా మోసుకుని గడ్డిమీంచి నా ఇంటికి నడిచి వచ్చాను. కొత్తిల్లు వసారా ఉండేదక్కడ. ఎన్ని వేలసార్లు దీపం పట్టుకుని నడిచానో ఆ దారిన. ఇప్పుడు గాలి తప్ప ఏమీ లేదు. తిరిగి చూస్తే మా ఇల్లు మళ్ళీ పూర్వంలా, ఒక బురుజూ, దాన్నానుకుని ఒక తెల్లటి ఇల్లూ, చూడముచ్చటగా ఉంది. ఆ తగిలింపులన్నీ తీసేస్తేనే అందమని నక్షాలు గీసిన ఎడిన్‌బరో ఆయన అన్నాడట, నిజమే.

వాళ్ళు పదిరోజులు సముద్రపొడ్డున ఉన్న ఒబాన్ వెళ్ళొచ్చారు. వచ్చిన సాయంత్రం బురుజు పైగదిలో దీపం వెలిగింది, నీలం కర్టెన్ల వెనకాల. నేను దీపం పెట్టుకోకుండా కాసేపు అటే చూస్తూ కూర్చున్నాను. ఒంటరితనం కొత్తేమీ కాదు నాకు. కానీ ఇంతకుముందు అది ఇంటిది. ఇంత పెద్ద ఇంట్లో ఎవరున్నా ఒంటరే అని సరిపెట్టుకునేదాన్ని. ఇప్పుడు ఇల్లు బాగానే ఉంది, ఒంటరితనం ఒక్క నాదే అయింది.

మర్నాడు పొద్దున జావ కలుపుతుంటే తలుపు చప్పుడైంది. టక్, టక్ అని మెల్లగా, వేళ్ళ కణుపులతో. పోస్టుమనిషి అంత మెల్లగా కొట్టడు, పాదిరిగారు అంత పొద్దున్నే రారు. ఎవరో తెలియనివాళ్ళనుకుని జుట్టు సర్దుకుని వెళ్ళి తీశాను.

నినియన్. చేతిలో ఒబాన్ నుంచి తెచ్చిన ఉప్పుచేపల పొట్లం. నున్నటి రాయి కింద టోపీ తీసి నిలబడ్డాడు.

"లోపలికి రావచ్చా అక్కా?" అన్నాడు.

యాభై ఏళ్ళలో వాడు తలుపు కొట్టడం నేను వినడం అదే మొదటిసారి. అందుకే పోల్చుకోలేకపోయాను.

"రా" అన్నాను.

నేను చెప్పకుండానే కాళ్ళు శుభ్రంగా తుడుచుకుని వచ్చాడు.